చికిత్స ముగిసిన ఏళ్ల తర్వాత పిల్లల్లో ల్యుకేమియా తిరగబెడితే ఎలా గుర్తిస్తారు?

కృష్ణాతీరం (విజయవాడ)

మా బాబుకు నాలుగో ఏట అక్యూట్ లింఫోబ్లాస్టిక్ ల్యుకేమియా, అంటే మనందరం ఏఎల్ఎల్ అని పిలుచుకునే రక్త క్యాన్సర్, బి-కణ రకమని (బి-కణాలనే తెల్లకణాల్లో పుట్టేదని) తేలింది. చికిత్స చివరి దశలో ఇచ్చే మెయింటెనెన్స్ మాత్రలు ఆపి మూడేళ్లు దాటింది. ఇప్పుడు ఆరు నెలలకోసారి ఆసుపత్రికి తీసుకువెళితే డాక్టరు గారు పొట్ట తడిమి, మెడలోనూ చంకల్లోనూ గజ్జల్లోనూ గడ్డలేమైనా ఉన్నాయేమో చూసి, ఒక సీబీపీ (రక్తకణాల లెక్క పరీక్ష) రాసి పంపిస్తున్నారు. చికిత్స జరిగే రోజుల్లో ఎముక మజ్జనూ వెన్నునీటినీ అన్నిసార్లు పరీక్షించినవారు ఇప్పుడు ఒక్క సీబీపీతో సరిపెడుతుంటే మనసు ఒప్పుకోవడం లేదు. ఏడాదికోసారైనా మజ్జ పరీక్ష అడిగి చేయించుకోవాలని మా బంధువొకరు గట్టిగా చెబుతున్నారు.

పోయిన వారం బాబుకు జ్వరం వచ్చి ప్లేట్‌లెట్లు 95 వేలకు పడిపోయాయి. ఆరో రోజు చేసిన డెంగీ ఎన్ఎస్1 పరీక్ష నెగటివ్ వచ్చింది. జ్వరం తగ్గి బాబు ఆడుకుంటున్నాడు కానీ నాకు కంటిమీద కునుకు లేదు. ఇన్నేళ్ల తర్వాత జబ్బు తిరగబెడితే మొదట ఎక్కడ, ఎలా బయటపడుతుంది? మజ్జ పరీక్ష అడగడం సబబేనా?

స్లైడు_కన్ను (పాథాలజీ, హైదరాబాద్)

ముందు ప్లేట్‌లెట్ల సంగతి చూద్దాం. ఎన్ఎస్1 పరీక్ష జ్వరం మొదలైన తొలి నాలుగైదు రోజుల్లోనే గట్టిగా నమ్మదగినది. ఆరో రోజున అది నెగటివ్ రావడం డెంగీ కాదనడానికి రుజువు కాదు, అప్పుడు డెంగీకి ఒంట్లో తయారయ్యే ఐజీఎం యాంటీబాడీలను చూడాలి. డెంగీలోనూ ఇతర వైరల్ జ్వరాల్లోనూ ప్లేట్‌లెట్లు, తెల్లకణాలు కలిసి పడి, జ్వరం దిగిన వారం పది రోజుల్లో వాటంతటవే లేస్తాయి. హిమోగ్లోబిన్ సాధారణంగా పడదు. డెంగీలో రక్తం చిక్కబడి కొంచెం పెరిగినట్టు కూడా కనబడవచ్చు. ల్యుకేమియా తిరగబెట్టినప్పుడు ప్లేట్‌లెట్లు లేవవు, లేచినా మళ్లీ జారుతాయి, వాటి వెనకే హిమోగ్లోబిన్ కూడా మెల్లగా దిగుతుంది. అందుచేత ఒక్క అంకెను పట్టుకుని కూర్చోకుండా, వారం ఎడంతో చేసిన రెండు మూడు సీబీపీలను పక్కపక్కన పెట్టి చూడాలి.

యంత్రం ఇచ్చిన అంకెలతో ఆగకుండా స్మియర్‌ను, అంటే గాజుపలక మీద పరిచిన రక్తపు చుక్కను, మనిషి కంటితో చూడమని తప్పకుండా అడగండి. పరీక్ష చీటీ మీద ‘ఏఎల్ఎల్ చికిత్స పూర్తయిన పిల్లవాడు’ అని రాయించండి. ఆ ఒక్క వాక్యం ఉంటే స్లైడు చూసేవారు స్మియర్ అంచుల దాకా వెతుకుతారు. వైరల్ జ్వరంలో కనిపించే లింఫోసైట్లు పెద్దవిగా, చుట్టూ నీలిరంగు ద్రవ్యం విశాలంగా పరుచుకుని, పక్కనున్న ఎర్రకణాల ఒంపుకు తగ్గట్టు ఒదిగి ఉంటాయి. బ్లాస్ట్ కణంలో, అంటే ల్యుకేమియాలో పెరిగే లేత కణంలో, ఆ నీలి ద్రవ్యం సన్నని అంచులా మాత్రమే మిగిలి, కేంద్రకమే కణమంతా నిండిపోయి ఉంటుంది. అలవాటైన కంటికి చాలాసార్లు తేడా తెలుస్తుంది, తెలియనప్పుడు కణాల మీది గుర్తులను బట్టి వాటిని వేరుచేసే ఫ్లో సైటోమెట్రీ చేస్తాము.

ఇక ఏ లక్షణమూ లేని పిల్లలకు ఏటేటా మజ్జ తీయడాన్ని నేను సమర్థించను. ఈ రోజు మజ్జ శుభ్రంగా ఉందన్న నివేదిక వచ్చే మూడు నెలలకు హామీ ఇవ్వదు. పైగా కీమో ఆపిన తర్వాత పిల్లల మజ్జలో హిమటోగోన్లనే లేత బి-కణాలు గుంపులుగా పుట్టుకొస్తాయి. అవి పూర్తిగా ఆరోగ్యకరమైనవే అయినా సూక్ష్మదర్శినిలో అచ్చం బ్లాస్టుల్లా ఉంటాయి, ఒక్కోసారి అయిదు శాతాన్ని మించుతాయి. అనుభవం లేనిచోట ఆ స్లైడును జబ్బు తిరగబెట్టినట్టు చదివితే ఆ ఇంట్లో ఏం జరుగుతుందో మీరే ఊహించండి.

నిజాంసాగర్ (కామారెడ్డి)

పై మిత్రులు చెప్పినదంతా నిజమే కావచ్చు గానీ, సీబీపీ బాగుందన్న మాట మీద మాకు నమ్మకం పోయింది. మా అమ్మాయికి చికిత్స ముగిసిన మూడో ఏడాదిలో మోకాలి పైన నొప్పి మొదలైంది. ఎదిగే పిల్లలకు కాళ్ల నొప్పులు సహజమని ఒకరు, కాల్షియం తక్కువని మరొకరు అన్నారు. రాత్రి నిద్రలో లేచి ఏడ్చేది, పొద్దున కుంటుతూ బడికి వెళ్లేది. ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర వేయించిన ఇంజెక్షన్లతో నొప్పి మాయమై, రెండు వారాల తర్వాత అంతకు రెట్టింపై వచ్చింది. అది డెక్సామెథసోన్ అని ఖాళీ సీసా చూశాకే తెలిసింది. ఆ మధ్యలో రెండుసార్లు చేయించిన సీబీపీలో చెప్పుకోదగ్గ తేడా ఏదీ లేదు, ప్లేట్‌లెట్లు మాత్రం లక్షా నలభై వేల దగ్గర ఉన్నాయి. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పాత జబ్బు గురించి చెప్పినా కూడా ఎముకల డాక్టరు ఎక్స్‌రే తీసి పంపించేశారు. చివరకు పాత క్యాన్సర్ విభాగానికే తీసుకువెళ్లి మజ్జ తీయిస్తే నిండా బ్లాస్టులే ఉన్నాయి.

కాబట్టి సీబీపీ మామూలుగా ఉంటే చాలని ఎవరూ తేలికగా అనకండి.

స్లైడు_కన్ను (పాథాలజీ, హైదరాబాద్)

నిజాంసాగర్ గారి మాటతో ఏకీభవిస్తున్నాను, నేను చెప్పినదానికి అది విరుద్ధం కూడా కాదు. మజ్జలో బ్లాస్టులు చాలావరకు నిండేదాకా రక్తంలోకి ఒక్కటీ రాకపోవచ్చు. ఏ బాధా లేని పిల్లవాడికి మజ్జ తీయనక్కర్లేదనడం వేరు, రాత్రిళ్లు లేపే ఎముక నొప్పి ఉన్న పిల్లకు సీబీపీ బాగుందని మజ్జ తీయకపోవడం వేరు. రెండోది చేయకూడదు.

స్టెరాయిడ్ విషయాన్ని మాత్రం పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించుకోవాలి. ఏఎల్ఎల్ చికిత్సలో మొదటి మందే ప్రెడ్నిసొలోన్ లేదా డెక్సామెథసోన్. దాన్ని జ్వరానికో ఆయాసానికో నొప్పికో కొద్ది రోజులు ఇస్తే బ్లాస్టులు తాత్కాలికంగా కరిగిపోతాయి, నొప్పి తగ్గుతుంది, అప్పుడు తీసిన మజ్జ కూడా తికమక పెడుతుంది. రోగనిర్ధారణ వెనకబడుతుంది, జబ్బు మాత్రం ముందుకు నడుస్తూనే ఉంటుంది. ఏఎల్ఎల్ వచ్చి తగ్గిన పిల్లవాడికి ఆస్తమా ఉధృతి వంటి అత్యవసరం లేనప్పుడు, కారణం తేలకుండా స్టెరాయిడ్ ఇవ్వవద్దని ఎవరికైనా చెప్పే హక్కు తల్లిదండ్రులకు ఉంది.

పిల్లల_వార్డు (విశాఖపట్నం)

నేను పిల్లల క్యాన్సర్ విభాగంలో పనిచేసే వైద్యురాలిని. ఇక్కడ ఎవరికీ రోగనిర్ధారణ చేయలేను కాని, కృష్ణాతీరం గారి అసలు ప్రశ్నకు, అంటే ఎక్కడ, ఎలా బయటపడుతుందన్నదానికి సమాధానం చెప్పగలను.

ఏఎల్ఎల్ ముఖ్యంగా మూడు చోట్ల తిరగబెడుతుంది. అన్నిటికంటే ఎక్కువగా ఎముక మజ్జలో, తర్వాత మెదడు, వెన్నుపాము చుట్టూ ఉండే వెన్నునీటిలో, మగపిల్లల్లో వృషణాల్లో. ఒక్కోసారి రెండు చోట్లా కలిసి. మజ్జలో వస్తే పాలిపోవడం, కారణం తెలియని జ్వరం, చర్మం మీద ఎర్రటి చుక్కలు, చిగుళ్ల రక్తం, ఎముక నొప్పులు, కాలేయమో ప్లీహమో పెరగడం కనబడతాయి. వెన్నునీటిలో వస్తే పొద్దున్నే తలనొప్పి, వాంతులు, ఒక వస్తువు రెండుగా కనిపించడం, ముఖం ఒక పక్కకు లాగడం వంటివి ఉంటాయి. వీటిలో చాలామంది తప్పిపోయేది ఒకటుంది: ఉన్నట్టుండి విపరీతమైన ఆకలి, కొద్ది వారాల్లో బరువు పెరగడం. స్టెరాయిడ్ ఆపి ఏళ్లయిన పిల్లవాడు మళ్లీ అలా తింటుంటే ఒళ్లు చేస్తున్నాడని సంతోషించకుండా మాకు చూపించండి, ఎందుకంటే ఆకలిని అదుపు చేసే హైపోథలామస్‌లో కణాలు చేరితే అలా జరగవచ్చు. వెన్నునీటి పరీక్షలో ఒక మైక్రోలీటరుకు అయిదు లేదా అంతకు మించి తెల్లకణాలుండి, వాటిలో బ్లాస్టులు కనబడితే మెదడు పొరల్లో తిరగబెట్టిందని నిర్ధారిస్తాము.

వృషణాల్లో వస్తే నొప్పి ఉండదు. ఒక పక్క గట్టిపడి పెద్దదవుతుంది, పిల్లవాడు దాన్ని పట్టించుకోడు, పట్టించుకున్నా చెప్పడు. మేము ప్రతి సందర్శనలో నిక్కరు విప్పి చూస్తామంటే కొందరు తల్లిదండ్రులు మొహమాటపడతారు, పదేళ్లు దాటిన పిల్లలు ఏకంగా ఎదురు తిరుగుతారు. అయినా చూడక తప్పదు, సీబీపీ ఎంత బాగున్నా అక్కడి గట్టిదనాన్ని అది చెప్పలేదు.

వ్యవధి సంగతి కూడా చెప్పాలి. జర్మనీ వారి బీఎఫ్ఎం బృందం లెక్కలో రోగం తేలిన 18 నెలలలోపు తిరగబెడితే అతి త్వరితం, 18 నెలలు దాటి చికిత్స ముగిసిన ఆరు నెలలలోపు అయితే త్వరితం, ఆ తర్వాత ఎప్పుడు వచ్చినా ఆలస్యమైనదిగా పరిగణిస్తారు. వినడానికి వింతగా ఉన్నా, ఎంత ఆలస్యంగా తిరగబెడితే అంత మందులకు లొంగుతుంది. బి-కణ రకంలో ఆలస్యంగా వచ్చినవారిని మళ్లీ నయం చేయగలిగిన సందర్భాలే ఎక్కువ. చికిత్స ముగిసిన అయిదేళ్లు దాటాక తిరగబెట్టడం అరుదు. అందుకే మొదటి ఏడాది నెలకో రెండు నెలలకో పిలిచి, రానురాను ఎడం పెంచుతాము.

డల్లాస్_నాన్న (టెక్సాస్)

మా పాపకు ఇక్కడే చికిత్స జరిగింది, ఆపి రెండేళ్లవుతోంది. నాది ఒక సాంకేతిక ప్రశ్న. ఫ్లో సైటోమెట్రీతో పదివేల కణాల్లో ఒక్క జబ్బు కణాన్ని, పీసీఆర్‌తో లక్షలో ఒక్కదాన్ని, కొత్తగా వచ్చిన జన్యు శ్రేణి పరీక్షలతో పది లక్షల్లో ఒక్కదాన్ని పట్టవచ్చని అంటున్నారు. మజ్జ తీయడం బాధ అనుకుంటే, రక్తంలోనైనా మూడు నెలలకోసారి ఆ ఎంఆర్‌డీ పరీక్ష, అంటే మిగిలిపోయిన జబ్బు కణాలను లెక్కించే పరీక్ష, చేయవచ్చు కదా? మా డాక్టరు వద్దన్నారు, కారణం మాత్రం నాకు తృప్తిగా అనిపించలేదు. ముందే తెలిస్తే ముందే చికిత్స మొదలుపెట్టవచ్చన్నది ఇంగితజ్ఞానం కాదా?

పిల్లల_వార్డు (విశాఖపట్నం)

డల్లాస్_నాన్న గారూ, చాలా జబ్బుల్లో మీ తర్కం నిలబడుతుంది. ఇక్కడ అది నిలబడుతుందని ఇంతవరకు ఎవరూ చూపలేకపోయారు. లక్షణాలతో బయటపడినవారిని, ఏ లక్షణమూ లేకుండా మామూలు పరీక్షలో దొరికినవారిని పోల్చి చూసిన పరిశీలనల్లో, మామూలు పరీక్షలో దొరికినంత మాత్రాన ఎక్కువకాలం బతికినట్టు కనబడలేదు. ఫలితాన్ని నిర్ణయించేవి ఎన్ని నెలలకు తిరగబెట్టింది, ఏ చోట, బి-కణమా టి-కణమా, మళ్లీ మొదలుపెట్టిన చికిత్సలో తొలి దశ ముగిసేసరికి ఎంఆర్‌డీ ఎంతకు దిగింది అన్నవే. టి-కణ రకం మజ్జలో తిరగబెడితే ఆలస్యంగా వచ్చినా కష్టమే.

రక్తంలో చేసే ఎంఆర్‌డీకి ఇంకో చిక్కుంది. బి-కణ రకంలో రక్తంలో ఉండే జబ్బు కణాలు మజ్జలో ఉన్నవాటికంటే చాలా తక్కువ, ఒక్కోసారి వందో వంతు మాత్రమే. రక్తం శుభ్రమన్నంత మాత్రాన మజ్జ శుభ్రమని చెప్పలేము. మరోవైపు పది లక్షల్లో ఒక్క కణం కనిపించిన పిల్లవాడికి ఏం చేయాలి? ఆడుకుంటున్న పిల్లకు మళ్లీ కీమో మొదలుపెట్టాలా? పరీక్ష చేసేముందే ఆ జవాబు మన దగ్గర ఉండాలి. ఎముక మజ్జ మార్పిడి జరిగిన పిల్లల్లో సంగతి వేరు, అక్కడ ఎంఆర్‌డీ చూస్తూ మందు మార్చడానికి అవకాశం ఉంటుంది కనుక వరుసగా చేస్తారు.

డల్లాస్_నాన్న (టెక్సాస్)

తర్కం అర్థమైంది, మనసుకు మాత్రం ఇంకా ఎక్కలేదు. పరీక్ష ఉండి కూడా చేయకుండా కూర్చోవడం తల్లిదండ్రులకు చాలా కష్టం.

భీమవరం_మాస్టారు

నేను రసాయనశాస్త్రం చెప్పి రిటైరైనవాడిని, వైద్యుడిని కాను. మా మనవరాలి కోసం ఈ చర్చలు చదువుతుంటాను. మనవాళ్లకు దగ్గరైన ఒక సంగతి ఇక్కడ చెప్పడం అసందర్భం కాదనుకుంటాను. 1948లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ ల్యుకేమియా పిల్లలకు అమినోప్టెరిన్ ఇచ్చి తాత్కాలిక ఉపశమనం సాధించినట్టు ప్రకటించారు. ఆ మందును అందించిన లెడర్లే ప్రయోగశాలలో పరిశోధనకు నాయకత్వం వహించినవారు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. దానికి తోబుట్టువైన మెథోట్రెక్సేట్‌ను ఈనాటికీ మన పిల్లలు వారానికోసారి మింగుతున్నారు.

నేను చెప్పదలచినది ఆ కీర్తి గురించి కాదు. ఫార్బర్ పిల్లల్లో ఉపశమనం నిలవలేదు, జబ్బు కొన్ని నెలల్లోనే తిరగబెట్టింది. తర్వాత 1960ల్లో మెంఫిస్‌లోని సెయింట్ జూడ్ ఆసుపత్రిలో డొనాల్డ్ పింకెల్ బృందం గమనించినదేమిటంటే, రక్తం, మజ్జ బాగుపడిన పిల్లల్లో కూడా జబ్బు మెదడు పొరల్లో మొలకెత్తుతోంది, ఎందుకంటే నోటితోనో నరంలోనో ఇచ్చిన మందు అక్కడికి చాలినంతగా చేరదు. అక్కడికి ప్రత్యేకంగా చికిత్స చేయడం మొదలుపెట్టాకే సగం మంది పిల్లలు పూర్తిగా నయమయ్యే స్థితి వచ్చింది. వెన్నులో సూది వేసి మెథోట్రెక్సేట్ ఇస్తున్నది అందుకే. పిల్లవాడికి సూదులెందుకని విసుగుపడే నాలాంటి తాతలు ఈ చరిత్ర తెలుసుకోవాలి.

నిజాంసాగర్ (కామారెడ్డి)

మాస్టారు గారికి నమస్కారం. డాక్టరమ్మ గారిని ఒక మాట అడగాలి. మూడేళ్లు, అయిదేళ్లు, పదేళ్లపాటు ఆ కణాలు ఎక్కడ దాక్కుంటాయి? అప్పట్లో మందు సరిగా ఇవ్వలేదనుకోవాలా?

పిల్లల_వార్డు (విశాఖపట్నం)

మందు సరిగా ఇవ్వలేదని అనుకోనక్కర్లేదు. మెయింటెనెన్స్‌లో 6-ఎంపీ (మెర్కాప్టోప్యూరిన్) మాత్రలు క్రమం తప్పితే తిరగబెట్టే ప్రమాదం పెరుగుతుందన్నది రుజువైన విషయమే కానీ, ఒక్క మాత్రా మానని పిల్లల్లో కూడా ఇది జరుగుతుంది.

ఈటీవీ6-రన్ఎక్స్1 అనే జన్యు కలయిక ఉన్న రకాన్ని తీసుకోండి. పిల్లల బి-కణ ఏఎల్ఎల్‌లో ఇది బాగా లొంగే రకం, అయితే తిరగబెడితే ఆలస్యంగా తిరగబెడుతుంది. ఇంగ్లండులో మెల్ గ్రీవ్స్ బృందం, ల్యుకేమియా వచ్చిన పిల్లల పురిటి రోజుల్లో మడమ నుంచి తీసి అట్టల మీద దాచిన రక్తపు చుక్కలను తీసి పరీక్షిస్తే, ఆ జన్యు కలయిక పుట్టుకనాటికే ఉన్నట్టు చాలామందిలో కనబడింది. అంటే జబ్బుకు ముందు మెట్టు తల్లి కడుపులోనే పడింది. ఆ మెట్టు మీదున్న కణాలు ఇంకా క్యాన్సర్ కావు, వేగంగా విభజన చెందవు, అందువల్ల కీమోకు అంతగా చావవు. పైన మొలిచిన గడ్డిని పీకినా భూమిలో గరిక వేరు మిగిలినట్టు అవి మిగిలిపోయి, ఏళ్ల తర్వాత కొత్త మార్పులు చేరి మళ్లీ ల్యుకేమియాగా ఎదుగుతాయి. అప్పుడు వచ్చేది పాత జబ్బుకు పిల్ల కాదు, ఒకే వేరు నుంచి పుట్టిన రెండో మొలక. మందులకు చక్కగా లొంగడానికి అదొక కారణం కావచ్చు.

ఇదే కారణంగా, ఆలస్యంగా వచ్చినప్పుడు పాత జబ్బే వచ్చిందా, వేరేదా అన్నది తేల్చుకోవాలి. ఎటొపొసైడ్ వంటి మందులు పడిన కొందరిలో కొన్నేళ్లకు మైలాయిడ్ రకం ల్యుకేమియా కొత్తగా రావచ్చు. రక్తం చూస్తే రెండూ ఒకేలా అనిపిస్తాయి, చికిత్స మాత్రం పూర్తిగా వేరు.

వృషభం_1999

నేను చిన్నప్పుడు ఏఎల్ఎల్ నుంచి బయటపడ్డవాడిని. పైన డాక్టరు గారు మగపిల్లల మొహమాటం గురించి చెప్పారు కనుక రాస్తున్నాను. పదమూడేళ్లప్పుడు ప్రతిసారీ అమ్మ ముందు బట్టలు విప్పమనడం నాకు చచ్చేంత సిగ్గుగా ఉండేది. ఒక మగ డాక్టరు అమ్మను బయట కూర్చోమని, స్నానం చేసేటప్పుడు నాకు నేనే ఎలా తడిమి చూసుకోవాలో నేర్పారు. అప్పటినుంచి ఆ గొడవ లేదు. పిల్లలు పెద్దవుతుంటే ఈ పని వాళ్లకు అప్పగించండి, ఎందుకు చూసుకోవాలో కూడా దాచకుండా చెప్పండి. మా ఇంట్లో జబ్బు పేరే ఎత్తేవారు కాదు, దాంతో చాలాకాలం ఏం వెతకాలో నాకే తెలియలేదు.

డల్లాస్_నాన్న (టెక్సాస్)

తిరగబెట్టినా దారులున్నాయని తెలిస్తే ఎదురుచూడడం కొంత తేలికవుతుందేమో. ఇప్పుడు బ్లినాటుమోమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందు గురించి చాలా వింటున్నాము. అది ఆలస్యంగా తిరగబెట్టినవారికి కూడా ఉపయోగమా?

పిల్లల_వార్డు (విశాఖపట్నం)

ఉపయోగమే. అమెరికా పిల్లల క్యాన్సర్ బృందం చేసిన ఒక ప్రయోగంలో, ఆలస్యంగా తిరగబెట్టి తొలి దశ కీమోకు ఎంఆర్‌డీ బాగా దిగిన పిల్లలను రెండు భాగాలు చేసి, ఒక భాగానికి కీమోతోపాటు బ్లినాటుమోమాబ్ ఇచ్చారు. మజ్జలో తిరగబెట్టినవారిలో స్పష్టమైన మేలు కనబడింది, వెన్నునీటిలో మాత్రమే తిరగబెట్టినవారిలో ఆ మేలు కనబడలేదు. కాబట్టి అనుమానం వచ్చినప్పుడు మజ్జ, వెన్నునీరు రెండూ ఒకేసారి తీసి, మగపిల్లలైతే వృషణాలూ పరీక్షించి, ఏ చోట ఉందో కచ్చితంగా తేల్చాకే మందు మొదలుపెట్టాలి. ఐఐటీ బొంబాయి, టాటా మెమోరియల్ కలిసి తయారుచేసిన నెక్స్‌కార్19 అనే కార్-టి చికిత్సకు (రోగి సొంత టి-కణాలను మార్చి క్యాన్సర్ మీదికి పంపే చికిత్స) 2023 అక్టోబరులో మన దేశంలో అనుమతి వచ్చింది, అయితే ఆ అనుమతి పదిహేనేళ్లు నిండినవారికి. బ్లినాటుమోమాబ్ ఖర్చు మన కుటుంబాలకు పెద్ద భారమే, అందరికీ అందుతోందని చెప్పలేను.

కృష్ణాతీరం (విజయవాడ)

అందరికీ కృతజ్ఞతలు. మజ్జ పరీక్ష అడగడం మానుకుని, వచ్చే వారం సీబీపీతోపాటు స్మియర్ చూపించమని అడుగుతాను. ఒక్క సందేహం మిగిలింది. మేము చికిత్స చేయించుకున్నది వేరే ఊళ్లో. రేపు అవసరం పడితే ఏ కాగితాలు చేతిలో ఉండాలి?

స్లైడు_కన్ను (పాథాలజీ, హైదరాబాద్)

డిశ్చార్జి సమ్మరీ ఒక్కటే చాలదు. మొదటిసారి జబ్బు తేలినప్పటి ఫ్లో సైటోమెట్రీ నివేదిక పూర్తి ప్రతి తెచ్చుకోండి. అందులో సీడీ10, సీడీ19, సీడీ34 వంటి గుర్తులు ఏవి ఎంత బలంగా ఉన్నాయో రాసి ఉంటుంది. ఇప్పటి మజ్జలో కనిపించే లేత కణాలు హిమటోగోన్లా, పాత జబ్బు కణాలా అన్నది దాంతో పోల్చే మేము తేలుస్తాము. గుర్తులు కొన్నిసార్లు మారతాయి, అయినా పోలికకు అదే మొదటి ఆధారం. జన్యు కలయికల నివేదిక, క్రోమోజోముల నివేదిక, చికిత్స తొలి దశ చివర చేసిన ఎంఆర్‌డీ అంకె, ఏ ప్రోటోకాల్ వాడారు, డాక్సోరుబిసిన్ వంటి గుండెపై ప్రభావం చూపే మందులు మొత్తం ఎన్ని మిల్లీగ్రాములు పడ్డాయి, తలకు రేడియేషన్ ఇచ్చారా అన్నవి కూడా కావాలి. రెండోసారి మందు ఎంత ఇవ్వవచ్చో వాటిని బట్టే నిర్ణయిస్తారు.

అప్పటి మజ్జ స్లైడ్లు, దాచిన డీఎన్ఏ ఉన్నాయేమో ఆ ఆసుపత్రి ల్యాబులో లిఖితపూర్వకంగా అడగండి. స్లైడ్లను చాలాచోట్ల కొన్నేళ్ల తర్వాత పారేస్తారు కనుక, అడగడం ఆలస్యం చేయవద్దు. కాగితాలన్నిటినీ ఫోనులో ఫొటోలు తీసి మీ దగ్గర ఒకటి, ఇంట్లో ఇంకొకరి దగ్గర ఒకటి ఉంచండి. థర్మల్ కాగితం మీద ముద్రించిన రిపోర్టులు ఏడాది రెండేళ్లలో తెల్లబడిపోతాయి, వాటిని ముందు జిరాక్సు తీయించండి.